నోటుపుస్తకంలో లేని నొప్పి

“నేనూ వస్తున్నాను,” అంది అమ్మ, మూడోసారి.

అక్క ఫ్లాస్కు మూత కోసం వంటింటి గట్టంతా వెతుకుతోంది. మూత ఆమె ఎడమచేతిలోనే ఉంది.

అమ్మ పొద్దున్నే తయారై కూర్చుంది. బయటికి వెళ్ళేటప్పుడు తప్ప తియ్యని బూడిదరంగు శాలువాను మడత పెట్టి ఒళ్ళో ఉంచుకుంది. డెబ్బై రెండేళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళు లాండ్రీలో దుప్పట్లు మడిచిన చేతులు అవి. ఏ గుడ్డ దొరికినా అంచుకు అంచు కలపందే ఊరుకోవు.

తమ్ముడు ఆసుపత్రిలో పడి ఇది ఐదో రోజు. నలభై నాలుగేళ్ళకే గుండెపోటు. ప్రాణం దక్కింది గానీ, రెండోసారి వస్తే ఇంత తేలిగ్గా పోదని గుండె డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆ ఆసుపత్రిలోనే ఒంటినీ మనసునూ ఒకేచోట చూసే విభాగం ఒకటుంది. బైపోలార్ జబ్బుకు ఏళ్ళ తరబడి మందులు మింగుతూ, పైగా ఒంట్లో కూడా ఒకదాని వెంట ఒకటి జబ్బులు చేరిన తమ్ముడిలాంటి వాళ్ళను అక్కడ చేర్చుకుని, విడిచిపెట్టకుండా చూస్తారు. చోటు తక్కువ. పసితనంలో బాగా దెబ్బతిన్నవాళ్ళ ఒళ్ళు మిగతావాళ్ళకంటే తొందరగా మొరాయిస్తుందని వాళ్ళు గమనించారట. అందుకని అలాంటివాళ్ళను ముందు తీసుకుంటారు. దానికి ఒక కాగితం ఉంది. కాగితం నిండా ప్రశ్నలు.

సోమవారం నర్సు ఆ కాగితం పట్టుకొచ్చి మంచం పక్కన కూర్చుంది. చిన్నప్పుడు ఇంట్లో ఎవరైనా కొట్టేవారా, గంటల తరబడి ఒంటరిగా వదిలేసేవారా, ఇంట్లోవాళ్ళంటే భయపడేవారా అని ఒక్కోటే అడిగింది. అవతలి పక్క అమ్మ తమ్ముడి కాళ్ళ మీద దుప్పటి సర్దుతోంది. తమ్ముడు అమ్మ చేతులవంకే చూస్తూ, అన్నిటికీ “లేదండీ” అన్నాడు.

నర్సు రాసుకుంది గానీ, కాగితాన్ని ఫైల్లో పెట్టలేదు. వెళ్తూ అక్కను వరండాలోకి పిలిచి, గురువారం పదకొండింటికి ఆ విభాగం డాక్టరమ్మ ముందు మళ్ళీ ఒకసారి అడుగుతాం, చిన్నప్పటి సంగతులు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే రండి, అంది. ఆ పిల్ల ముఖంలో ఆరా తీస్తున్న భావం ఏమీ లేదు. అక్క చేతిలో ఖాళీ గ్లాసు చూసి, అడక్కుండానే అందుకుని తనే పట్టుకుపోయింది.

ఇవాళే గురువారం.

“నువ్వొస్తే వాడు నోరు విప్పడమ్మా,” అంది అక్క చివరికి.

“విప్పితే ఏం రాలుతుందట?”

పాలు పొంగుకొచ్చాయి. అక్క మంట తగ్గించింది.

“నువ్వే చెప్పు పెద్దదానా,” అంది అమ్మ. “నాకు ముప్పై రెండేళ్ళప్పుడు మీ నాన్న పోయాడు. మిమ్మల్నిద్దర్నీ ఎవరి గుమ్మం ముందూ నిలబెట్టలేదు. ఒకపూట నేను తినకపోయినా మీకు పెట్టాను. ఇందులో వాళ్ళు రాసుకునేదేముంది?”

“గది సంగతి ఉంది.”

అమ్మ శాలువా మడత విప్పి, మళ్ళీ మొదటినుంచి మడవడం మొదలుపెట్టింది.

రెండు మడతలు పడ్డాక మాట్లాడింది. బయట వదిలితే ఏ లారీ కిందో పడేవాడనీ, పక్కవాటాలో పిల్లాడికి ఏం జరిగిందో అంతలోనే మరిచిపోయావా అనీ అడిగింది. లాండ్రీలో మరిగే నీళ్ళ తొట్ల మధ్యకు నాలుగేళ్ళవాణ్ణి ఎవరు రానిస్తారనీ, చూసుకోవడానికి ఏ చుట్టం వచ్చి కూర్చుందనీ అడిగింది. వీటిలో ఒక్కటీ అబద్ధం కాదు. అక్కకు అదే పెద్ద కష్టంగా ఉంది. అబద్ధాలైతే ఎప్పుడో పోట్లాడి ఉండేది.

“సరే, రా,” అంది. “వాడు ఏం చెబుతున్నా అడ్డు మాత్రం రాకు.”

“నేనెప్పుడు అడ్డొచ్చానే మీకు,” అంటూ అమ్మ లేచి చెప్పులు వేసుకుంది.

బస్సులో ఇద్దరూ ముందొకరు వెనకొకరు కూర్చున్నారు. అక్క ఒళ్ళో సంచి, సంచిలో ఫ్లాస్కు, ఒక జత బట్టలు, గట్టి అట్టల నోటుపుస్తకం.

ఆ నోటుపుస్తకాల వరసలో ఇది పదకొండోది. పద్నాలుగేళ్ళ కిందట తమ్ముడికి మొదటిసారి జబ్బు పైకెక్కినప్పుడు, పనిచేసే ప్రెస్సులోనే నాలుగు రోజులు నిద్ర లేకుండా కూర్చుని, రెండొందల ఖాళీ పుస్తకాలు కుట్టాడు. ఒక్కోదాని అట్ట మీద వీధిలోవాళ్ళ పేర్లు బంగారు అక్షరాలతో అచ్చొత్తి, ఇంటింటికీ తిరిగి పంచాడు. ఆ తరవాత రెండు నెలలు గోడవైపు తిరిగి పడుకున్నాడు. అప్పటి మనసు డాక్టరు అక్కను పిలిచి, రోజూ గమనించి రాయమన్నాడు. ఎంతసేపు నిద్రపోయాడు, ఎంత మాట్లాడాడు, ఎంత తిన్నాడు, కోపమొచ్చిందా. అక్క కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. వెంట్రుకవాసి తేడాను చేత్తో పట్టుకునే మనిషి. రాయడం మొదలుపెట్టాక ఒక్కరోజు కూడా తప్పలేదు. పుస్తకం అయిపోయినప్పుడల్లా కొత్తది తమ్ముడే కుట్టి ఇచ్చేవాడు.

“నా మీద నాచేతే పుస్తకాలు కుట్టిస్తున్నావు గదక్కా,” అనేవాడు నవ్వుతూ. ఆ నవ్వు ఎంతసేపు నవ్వాడో కూడా ఆమె రాసుకునేది.

పోయిన ఆదివారం మధ్యాహ్నం అతను వంటింటికీ వరండాకీ మధ్య ఆపకుండా తిరిగాడు. చొక్కా గుండీలు విప్పేశాడు. ఫ్యాను కింద కూడా చెమటలు. ఎడమచెయ్యి రుద్దుకుంటున్నాడు. ఏమైందిరా అంటే, “నన్ను కాసేపు వదిలెయ్యక్కా” అని కసిరాడు. అక్క లెక్క వేసుకుంది. రెండు రోజులుగా నిద్ర సరిగ్గా లేదు, కాలు నిలవడం లేదు, విసుగు, కోపం. పైకెక్కుతోంది. అలాంటప్పుడు ఇమ్మని డాక్టరు రాసిచ్చిన మాత్రలు అలమరలో ఉన్నాయి. రెండు తీసి చేతిలో పెట్టింది. అతను ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, ఏమీ అనకుండా మింగేసి పడుకున్నాడు.

ఆమె పుస్తకంలో రాసుకుంది: “ఉద్రేకం. మాత్రలు రెండు. నిద్రపోయాడు.”

గంట తరవాత దుప్పటి కప్పడానికి వెళ్ళిన అమ్మ అక్కడే నిలబడి, “వీడి పెదాల రంగు బాగాలేదే,” అంది. ఆ మాట అన్నది అమ్మ. అక్క కాదు.

గుండెపోటు మాత్రల వల్ల వచ్చింది కాదనీ, మాత్రల వల్ల ఆసుపత్రికి రావడం ఆలస్యమైందనీ గుండె డాక్టరు చెప్పాడు. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడాను అక్క ఐదు రోజులుగా తనకు తనే నచ్చజెప్పుకుంటోంది.

వార్డు బయట వరండాలో కత్తి మాస్టారు కూర్చున్నాడు. ప్రెస్సులో కాగితాలు కోసే యంత్రం దగ్గర పనిచేస్తాడు గనక ఆ పేరు. మనిషి మాత్రం మెత్తన. పొట్టలో మాట దాచుకోలేడు. ఒళ్ళో కొత్త మేజోళ్ళ జత ఉంది.

“ఆసుపత్రిలో పాదాలు చల్లబడతాయి అక్కగారూ. మా ఆవిడ పంపింది. నేనైతే అరటిపళ్ళు తెచ్చేవాణ్ణి, మీవాడి షుగరు సంగతి మరిచిపోయి.”

అమ్మ మేజోళ్ళు అందుకుని, మడత సరిచేసుకుంటూ వార్డులోకి వెళ్ళింది. అక్క వెళ్ళబోతే కత్తి మాస్టారు లేచి నిలబడ్డాడు. ఏదో చెప్పాలని గొంతు సవరించుకుని, యంత్రానికి నూనె ధర పెరిగిందని చెప్పాడు. తరవాత మరో సంగతి ఎత్తి, దాన్నీ మధ్యలో వదిలేశాడు.

“చెప్పండి మాస్టారూ,” అంది అక్క.

రెండు నెలలుగా తమ్ముడు కాగితాల కట్ట ఎత్తుకుని మెట్లెక్కేటప్పుడు సగంలో కూర్చుండిపోతున్నాడట. గుండెమీద చెయ్యి వేసుకుని పది నిమిషాలు అలాగే ఉండేవాడట. కట్టలు తనే పైకి చేర్చేవాడినని కత్తి మాస్టారు ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు చెప్పాడు.

“మీ అక్కకు చెప్పవయ్యా అన్నానమ్మా. ఒకసారి కాదు. వద్దు మాస్టారూ అన్నాడు. చెబితే రాసేస్తుంది, రాస్తే ఆ డాక్టరు మాత్ర పెంచుతాడు, మాత్ర పెంచితే నా చేతులు వణుకుతాయి, కుట్టు నిలవదు అన్నాడు. ఒట్టు కూడా వేయించుకున్నాడు. మీకు చెప్పి ఉంటే...”

ఆ మాట పూర్తి చేయకుండా ఆగాడు. అక్క సంచిని ఛాతీకి దగ్గరగా పట్టుకుని నిలబడింది. ఆ రెండు నెలల పేజీలు ఆమెకు చూడకుండానే గుర్తున్నాయి. చివరి రెండు రోజులు తప్ప వరసగా ఒకటే మాట. “ప్రశాంతం.”

“మీరు మంచిపని చేశారు మాస్టారూ,” అంది. ఏది మంచిపనో ఇద్దరికీ తెలియలేదు. అయినా ఆ పెద్దమనిషి కళ్ళు తుడుచుకున్నాడు.

డాక్టరమ్మ గది చిన్నది. బల్లకు ఇవతల మూడు కుర్చీలు. చక్రాల కుర్చీలో తమ్ముణ్ణి తీసుకొచ్చిన నర్సు, ఎదరున్న ఒక కుర్చీ పక్కకి జరిపి అతని కాళ్ళకు చోటు చేసి వెళ్ళిపోయింది. అతని పాదాలకు కొత్త మేజోళ్ళు ఉన్నాయి.

డాక్టరమ్మ ముందు నాలుగు ఫైళ్ళు. షుగరు ముప్పై ఆరో ఏట, థైరాయిడూ అందులోనే. తలనొప్పి పన్నెండో ఏటి నుంచీ. మనసు మందులు ఒకచోట. ఇప్పుడు గుండె.

“ఒక్క మనిషికి నాలుగు ఫైళ్ళు,” అందావిడ. “దేనికీ మిగతావాటి సంగతి తెలియదు. ఇందులో ఎవర్నీ తప్పుపట్టడానికి కాదు నేను అడిగేది. చిన్నప్పుడు ఎక్కువ భయపడుతూ పెరిగినవాళ్ళకి, పైగా ఈ జబ్బు కూడా ఉంటే, ఒంటి జబ్బులు ఎక్కువగా కనబడుతున్నాయి. ఎందుకనేది మాకూ పూర్తిగా తెలియదు. తెలిసినంతలో ముందుగా జాగ్రత్తపడదామనే.”

తరవాత కాగితం తీసి, సోమవారం నాటి ప్రశ్నే మళ్ళీ అడిగింది.

“లేదండీ,” అన్నాడు తమ్ముడు.

“వాణ్ణి రాజాలా పెంచానమ్మా,” అంది అమ్మ.

తమ్ముడు నవ్వాడు. పెద్దగా కాదు, ముక్కుతో వదిలిన గాలిలాంటి నవ్వు. డాక్టరమ్మ కలం ఎత్తింది. “లేదు” అన్నచోట గుర్తు పెట్టబోతోందని అక్కకు అర్థమైంది. ఆ గుర్తు పడితే ఎల్లుండి ఇంటికి పంపేస్తారు. మళ్ళీ నాలుగు ఫైళ్ళు, నాలుగు వరసలు, నలుగురు డాక్టర్లు. మళ్ళీ ఎప్పుడో ఒక మధ్యాహ్నం అతను వంటింటికీ వరండాకీ మధ్య తిరుగుతాడు.

“మూడేళ్ళు,” అంది అక్క.

ముగ్గురూ ఆమెవైపు చూశారు.

“వాడికి నాలుగో ఏటినుంచి ఏడో ఏటిదాకా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గదిలో పెట్టి బయట గడియ వేసేవాళ్ళం. ఒక చెంబుడు నీళ్ళు, రొట్టె, మూల ఒక బక్కెట్టు. చలికాలమూ అంతే, ఎండాకాలమూ అంతే. బక్కెట్టు దాకా వెళ్ళలేక నేల తడిపిన రోజు దెబ్బలు.”

అమ్మ చేతులు ఒళ్ళో ఆగిపోయాయి. “ఒకటి రెండుసార్లు చెయ్యి చేసుకున్నానేమో. ఏ తల్లి చేసుకోదు?”

“చెయ్యి కాదమ్మా. ఇస్త్రీపెట్టె తీగ.”

బయట ఎవరో చక్రాల బల్ల తోసుకుపోతున్న చప్పుడు వచ్చి, దూరమై, ఆగిపోయింది.

డాక్టరమ్మ గొంతు తగ్గించి, అమ్మ పనికి ఎన్నింటికి వెళ్ళేదని అడిగింది. ఆరున్నరకు అని అక్క చెప్పింది. మరి గడియ ఎవరు వేసేవాళ్ళని అడిగింది.

“నేనే. బడికి వెళ్తూ ఎనిమిదింటికి. నాకప్పుడు పదకొండేళ్ళు.” ఇక్కడ ఆగుదామనుకుంది. ఆగలేకపోయింది. “బడి నాలుగింటికి వదిలేవాళ్ళు. నేను ఐదింటికి ఇంటికెళ్ళేదాన్ని.”

“మధ్యలో?”

“తొక్కుడుబిళ్ళ ఆడేదాన్ని. వీధి చివర.” ఆమె బల్ల అంచు చూస్తూ చెప్పింది. “ఎవరికీ చెప్పలేదు ఇప్పటిదాకా. బడే ఐదింటికి వదులుతారని వీడికి చెప్పేదాన్ని.”

“నాకు తెలుసు,” అన్నాడు తమ్ముడు.

అతని గొంతులో కోపం లేదు. అదే ఆమెను భయపెట్టింది.

“ట్రంకుపెట్టె మీద ఎక్కి నిలబడితే పైన జాలీలోంచి వీధి చివర కనిపించేది. నువ్వు బాగా ఆడేదానివక్కా. గీత తొక్కేదానివి కాదు.”

అమ్మ తమ్ముడి మేజోళ్ళ వైపు చూస్తోంది. ఒకటి కాస్త జారింది. వంగి సర్దాలనిపించినట్టు చెయ్యి సగం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టి తమ్ముడివైపు తిరిగింది. “మీ అక్కగారు చెప్పింది రాసుకోనా? అందులో మీరు మార్చాల్సింది ఏమైనా ఉందా?”

“అక్క చెప్పింది అక్కది. నాది వేరే ఉంది.” అతను చక్రాల కుర్చీ చేతుల మీద రెండు అరచేతులూ ఆనించి కొంచెం పైకి జరిగి కూర్చున్నాడు. “వాళ్ళిద్దరినీ కాసేపు బయట కూర్చోమనండి డాక్టరుగారూ.”

పద్నాలుగేళ్ళలో అతను ఏ డాక్టరుతోనూ ఒంటరిగా మాట్లాడలేదు. నిద్ర ఎలా ఉందని అడిగితే అక్క చెప్పేది. ఆకలి ఎలా ఉందని అడిగినా అక్కే చెప్పేది. అతను పక్కన కూర్చుని, తన గురించి తను వినేవాడు.

అక్క లేచింది. అమ్మ మోచెయ్యి పట్టుకుని లేపింది. బరువు లేని మనిషి, అయినా లేవడానికి చాలాసేపు పట్టింది.

వరండాలో బల్లమీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కత్తి మాస్టారు వెళ్ళిపోయినట్టున్నాడు. ఎదుటి కిటికీలోంచి పడుతున్న ఎండ అమ్మ పాదాల మీదికి వచ్చింది.

తలుపు సందులోంచి తమ్ముడి గొంతు వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు. ఆగకుండా మాట్లాడుతున్నాడు. అంతసేపు అతని గొంతు అలా వింటే మామూలుగా అక్క నోటుపుస్తకం తీసేది. ఇప్పుడు తియ్యలేదు. ఆ గొంతు ఎక్కడా పైకి లేవడం లేదు. నడుస్తున్నట్టుగా, ఒకే వేగంతో, ఎక్కడికో వెళ్తోంది.

“ఏం చెబుతున్నాడే?” అంది అమ్మ.

“తెలియదమ్మా.”

“నీకు తెలియకపోవడమేమిటి?”

అక్క సంచి తీసి బల్ల కింద పెట్టింది.

“నువ్వు అట్లా నలుగురిలో తీగ సంగతి చెప్పకుండా ఉండాల్సింది,” అంది అమ్మ. ఆ మాటలో నిష్ఠూరం ఉందో లేదో అక్కకు అర్థం కాలేదు. “నేను చెప్పుకోవాల్సింది నువ్వు చెప్పేశావు.”

“నువ్వు చెప్పేదానివా?”

అమ్మ అక్కవైపు తిరిగింది. ఇప్పుడే నిద్రలేచినట్టున్నాయి కళ్ళు. “అడిగినవాళ్ళెవరు ఇన్నేళ్ళూ?” అంది.

బల్ల అంచు పట్టుకుని నెమ్మదిగా లేచి నిలబడింది. డాక్టరమ్మ గదివైపు రెండడుగులు వేసింది. శాలువా భుజం మీంచి జారి నేల మీద పడింది. చూసుకోలేదు.

“ఎక్కడికమ్మా? వాడు బయట ఉండమన్నాడు.”

“వాడికి తెలియనిది ఒకటుంది. నీకూ తెలియదు.”

అక్క అందుకునే లోపే అమ్మ తలుపు తట్టింది. డాక్టరమ్మ వచ్చి తీసింది. ఆవిడ భుజం మీదుగా తమ్ముడు కనిపించాడు. ముఖమంతా తడిసి ఉంది. అతను అమ్మను చూశాడు, తరవాత అమ్మను దాటి అక్కవైపు చూశాడు. రానివ్వనా వద్దా అని అడుగుతున్న చూపు. చిన్నప్పటినుంచీ ఏ సంగతికైనా అతను అలాగే చూసేవాడు. ఏం చెయ్యాలో ఆమె కనుసైగతో చెప్పేది.

అక్క ఈసారి తల వంచుకుంది.

“రా అమ్మా, కూర్చో,” అన్నాడు తమ్ముడు. “నా మాట అయ్యేదాకా మాత్రం నువ్వేం మాట్లాడకు.”

అమ్మ లోపలికి వెళ్ళింది. అక్క తలెత్తే సరికి తలుపు మూసి ఉంది. ఆమెను ఎవరూ పిలవలేదు.